తెలుగులో చిత్రానువాద పఠనం: పాటల పుస్తకం నుంచి ‘పుష్పక విమానం’ దాకా

వ్యాససంగ్రహం

చలనచిత్ర రచన నేర్చుకోదలచినవారు అచ్చయిన చిత్రానువాదాలను చదవాలన్న సలహా తరచుగా వినిపిస్తుంది. తెలుగులో ఆ సలహాను పాటించబోయినవారికి ఏ గ్రంథాలు దొరికాయి, వాటి నుంచి ఏ విద్య అందింది, ఏది అందలేదు అన్న విషయాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పాటల పుస్తకం, వెండితెర నవల, సంభాషణల రికార్డు అనే మూడు రూపాల చరిత్రను అనుసరిస్తూ, తెలుగులో ప్రధానంగా పాఠకునికి చేరింది మాట మాత్రమేననీ, దృశ్యాలను కూర్చే విద్య దర్శకుల దగ్గరి శిష్యరికంలోనే నిలిచిపోయిందనీ ప్రతిపాదిస్తుంది. ఉదయగిరిలో జన్మించిన సింగీతం శ్రీనివాసరావు రూపొందించిన మాటల్లేని చిత్రం ‘పుష్పక విమానం’ను ఈ ప్రతిపాదనకు గీటురాయిగా స్వీకరిస్తుంది.

కీలకపదాలు: చిత్రానువాదం, పాటల పుస్తకం, వెండితెర నవల, కె.వి. రెడ్డి, సింగీతం శ్రీనివాసరావు, పుష్పక విమానం.

1. ఉపోద్ఘాతం

నెల్లూరు జిల్లా పడమటి అంచున, వెలిగొండల పాదాన, కడప జిల్లా సరిహద్దుకు చేరువలో సీతారామపురం ఉంది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలతో కలిసి ఇది జిల్లాలోని మెట్టసీమ. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకొన్న దుర్గంగా ఉదయగిరి చరిత్ర విద్యార్థులకు సుపరిచితం. చలనచిత్ర చరిత్రలో మాత్రం ఈ సీమ ప్రస్తావన అరుదు. అయితే తెలుగు, తమిళ, కన్నడ చిత్రరంగాలలో విలక్షణమైన ప్రయోగాలు చేసిన దర్శకుడు సింగీతం శ్రీనివాసరావు 1931లో జన్మించినది ఉదయగిరిలోనే. నాటక రచయితగా, సినీకవిగా ప్రసిద్ధుడైన ఆచార్య ఆత్రేయ కూడా నాటి నెల్లూరు జిల్లావారే. ఆయన స్వస్థలం సూళ్లూరుపేట సమీపంలోని మంగళంపాడు.

ఇటువంటి సీమలో చదువుకొంటున్న ఒక విద్యార్థికి సినిమా రచన నేర్చుకోవాలన్న కోరిక కలిగితే అతని ముందు రెండు మార్గాలుంటాయి. మొదటిది చిత్రపరిశ్రమ ఉన్న నగరానికి వెళ్ళి, ఒక దర్శకుని వద్దనో రచయిత వద్దనో సహాయకునిగా చేరడం. ఒకప్పుడు ఆ నగరం మద్రాసు, తర్వాత హైదరాబాదు. రెండవది ఉన్నచోటనే ఉండి చదివి నేర్చుకోవడం. మొదటి మార్గానికి పరిచయాలు కావాలి, సంపాదన లేకుండా కొన్నేళ్ళు నగరంలో గడపగల స్థోమత కావాలి. రెండవదానికి కావలసింది పుస్తకం. కాబట్టి తెలుగులో అచ్చయిన చిత్రానువాదాలు ఏమున్నాయన్న ప్రశ్నను గ్రంథసూచికకు పరిమితం చేయలేము. ఈ విద్యలోకి ఎవరికి ప్రవేశం దొరికింది, ఎవరికి దొరకలేదు అన్న సామాజిక ప్రశ్న కూడా అందులోనే ఇమిడి ఉంది.

2. పరిభాష: మాటలు, చిత్రానువాదం

‘స్క్రీన్‌ప్లే’ అనే పదానికి తెలుగు చిత్రాల నామావళుల్లో చాలాకాలం ‘చిత్రానువాదం’ అన్న పదం వాడుకలో ఉండేది. కథను చిత్రాలలోకి అనువదించడం అన్న అర్థాన్నిచ్చే ఈ సమాసం ఆ పని స్వభావాన్ని చక్కగా పట్టి ఇస్తుంది. ఏ సన్నివేశం ముందు రావాలి, ఏది వెనుక రావాలి, ఒక సన్నివేశాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ విడవాలి, ప్రేక్షకునికి ఏది చూపాలి, ఏది దాచాలి, ఒక వస్తువును ఎప్పుడు ప్రవేశపెట్టి ఎప్పుడు వాడుకోవాలి అన్న నిర్ణయాలన్నీ చిత్రానువాద పరిధిలోనివి. పాత్రలు పలికే సంభాషణలు ఈ నిర్ణయాల తర్వాత వచ్చే ఒక అంశం మాత్రమే.

తెలుగు నామావళుల్లో ఈ రెండు పనులూ తరచు వేర్వేరు పేర్లతో కనిపిస్తాయి. ‘మాటలు’ అన్నచోట రచయిత పేరు, ‘చిత్రానువాదం, దర్శకత్వం’ అన్నచోట దర్శకుని పేరు ఉండటం సర్వసాధారణం. ఈ విభజనకు చారిత్రక కారణముంది. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం రంగస్థల నాటకం. తొలినాటి పౌరాణిక చిత్రాలు కూడా చాలావరకు రంగస్థలం నుంచే వచ్చాయి. కథ, సన్నివేశక్రమం ప్రేక్షకులకు ముందే తెలిసినవి కావడంతో రచయిత నుంచి పరిశ్రమ కోరింది పద్యం, పాట, మాట. 1938లో గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ తీసినప్పుడు చలం కథకు తాపీ ధర్మారావు వాడుకభాషలో మాటలు రాయడం గొప్ప మలుపు. ఆ మలుపు కూడా సాహిత్య చరిత్రలో భాషకు సంబంధించిన మలుపుగానే నమోదైంది. సినీరచన చరిత్రను గ్రాంథికం నుంచి వ్యావహారికానికి జరిగిన ప్రయాణంగా చెప్పుకోవడం మనకు అలవాటు. దృశ్యరచన చరిత్రగా చెప్పుకోవడం అంతగా అలవాటు కాలేదు.

3. పాఠకునికి చేరిన మూడు రూపాలు

3.1 పాటల పుస్తకం

సినిమాహాలు దగ్గర అణాలకు, పైసలకు అమ్ముడుపోయిన పాటల పుస్తకం తెలుగు ప్రేక్షకునికి అందిన మొదటి సినీగ్రంథం. తారాగణం, సాంకేతిక వర్గం, కథాసంగ్రహం, పాటల సాహిత్యం ఇందులో ఉండేవి. చలనచిత్ర చరిత్రకారులకు ఇవి నేటికీ విలువైన ఆధారాలు. ప్రతులు నశించిపోయిన పలు చిత్రాల విషయంలో నటీనటుల, రచయితల వివరాలకు ఇవే దిక్కు.

రచన నేర్చుకోదలచినవారికి మాత్రం ఇందులోని కథాసంగ్రహం ఒక విచిత్రమైన పాఠం. కథను చిక్కుముడి దాకా నడిపించి, మిగిలినది వెండితెరపై చూడవలసిందని ముగించడం దీని సంప్రదాయం. వ్యాపారరీత్యా ఇది సమంజసమే. కాని కథను ముడివేయడం కంటే ఆ ముడిని విప్పడం కష్టమని రచనాభ్యాసం చేసిన ప్రతివారికీ తెలుసు. అభ్యాసకునికి అత్యవసరమైన ఆ ఘట్టం దగ్గరే ఈ పుస్తకం ఆగిపోయేది.

3.2 వెండితెర నవల

రెండవ రూపం వెండితెర నవల. విడుదలైన చిత్రకథను నవలగా తిరగరాసి, చిత్రంలోని ఛాయాచిత్రాలతో ప్రచురించడం దీని పద్ధతి. ముళ్లపూడి వెంకటరమణ వంటి సమర్థుడైన రచయిత ఈ ప్రక్రియలో కృషి చేయడంతో దీనికి సాహిత్య గౌరవం కూడా దక్కింది. తర్వాతి కాలంలో రావి కొండలరావు ‘మల్లీశ్వరి’, ‘మాయాబజార్’ చిత్రాలకు నవలారూపం ఇచ్చారు. చిత్రాన్ని మళ్ళీ చూసే అవకాశం లేని రోజుల్లో వెండితెర నవల పాఠకుని స్మృతికి ఆసరాగా నిలిచింది.

అయితే నవలకు ఉన్న సౌకర్యం చిత్రానువాదానికి లేదు. నవలాకారుడు పాత్ర మనసులోని ఆలోచనను నేరుగా చెప్పగలడు. చిత్రానువాదకుడు కంటికి కనిపించేదీ, చెవికి వినిపించేదీ మాత్రమే రాయగలడు. చిత్రం చేసిన అనువాదాన్ని వెండితెర నవల వెనక్కి తిప్పి, దృశ్యాన్ని మళ్ళీ కథనంగా మారుస్తుంది. దానిని చదివి దృశ్యరచన నేర్చుకోబోవడం, అద్దంలో ప్రతిబింబాన్ని చూసి అక్షరాలు దిద్దుకోవడం వంటిది.

3.3 సంభాషణల రికార్డు

మూడవ రూపం అచ్చు కాకపోయినా పాఠ్యంగా వ్యాపించింది. 1975లో వచ్చిన ‘ముత్యాలముగ్గు’ సంభాషణలు, 1977లో కొండవీటి వెంకటకవి రాసిన ‘దానవీరశూరకర్ణ’ సంభాషణలు గ్రామఫోను రికార్డులుగా వెలువడి విశేష ఆదరణ పొందాయి. తిరునాళ్ళలో, పెళ్ళిపందిళ్ళలో మైకుల ద్వారా విని, పుటల కొద్దీ సంభాషణలను కంఠస్థం చేసినవారు పల్లెపల్లెనా కనిపించేవారు. పలుకుబడిలోని బిగువు, విరుపు, వ్యంగ్యం నేర్చుకోవడానికి ఇవి మంచి పాఠాలు. కాని ‘ముత్యాలముగ్గు’లో ఉత్తర రామాయణ ఇతివృత్తాన్ని సాంఘిక కథగా ఎలా కూర్చారన్నది కాంట్రాక్టరు సంభాషణలను ఎంతగా వల్లెవేసినా బోధపడదు.

ఈ మూడు రూపాలనూ కలిపి చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. పాట, కథ, మాట విడివిడిగా పాఠకునికి చేరాయి. వాటిని ఒకచోట కట్టి ఉంచిన చిత్రానువాదం మాత్రం చేరలేదు. ఆత్రేయ విషయంలోనూ ఇది కనిపిస్తుంది. ‘అర్ధాంగి’, ‘తోడికోడళ్ళు’, ‘మూగమనసులు’ వంటి చిత్రాలకు పనిచేసిన ఆయనను సాహిత్య విద్యార్థులు నేటికీ ప్రధానంగా నాటకాల ద్వారా, పాటల ద్వారానే అధ్యయనం చేస్తున్నారు.

4. గ్రంథం లేని గురుకులం

పుస్తకం అందించని విద్య శిష్యరికంలో అందింది. ఈ విషయంలో కె.వి. రెడ్డి పేరు మొదట చెప్పుకోవాలి. చిత్రీకరణకు ముందే చిత్రానువాదాన్ని సంపూర్ణంగా సిద్ధం చేసుకోవడం, ప్రతి సన్నివేశం నిడివిని స్టాప్‌వాచీతో లెక్కగట్టడం ఆయన పద్ధతి అని సమకాలికులు పలుమార్లు చెప్పారు. నాటక రచయితగా పేరు పొందిన డి.వి. నరసరాజు 1954లో ‘పెద్దమనుషులు’ చిత్రంతో ఆయన వద్దనే సినీరచనలో అడుగుపెట్టారు. 1955లో ‘దొంగరాముడు’ ఆ కలయికలోనే వచ్చింది. 1957లో విడుదలైన ‘మాయాబజార్’కు పింగళి నాగేంద్రరావు రచన చేయగా, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వ శాఖలో పనిచేశారు.

‘మాయాబజార్’ను ఉదాహరణగా తీసుకొంటే, మాటల పఠనానికీ చిత్రానువాద పఠనానికీ ఉన్న తేడా తెలుస్తుంది. అభిమన్యుని పెళ్ళి ఈ చిత్ర కథావస్తువు. అయినా అతని తండ్రి అర్జునుడు గాని, తక్కిన పాండవులు గాని ఒక్క దృశ్యంలోనూ కనిపించరు. పాండవులను తెరమీదికి తెస్తే కథ జూదం, వనవాసం, యుద్ధం వైపు మళ్ళుతుంది. వారిని దూరంగా ఉంచడం వల్లనే అది శశిరేఖ కథగా, ఘటోత్కచుని మాయగా నిలిచింది. ఈ నిర్ణయం ఏ సంభాషణలోనూ ఉండదు. లేని పాత్రకు మాటలుండవు కాబట్టి, సంభాషణలు మాత్రమే చదివినవారి దృష్టికి ఇది రాదు.

ప్రియదర్శిని పేటిక మరొక ఉదాహరణ. ఎవరికి ఏది ప్రియమో అది ఆ పేటికలో కనిపిస్తుంది. శశిరేఖకు అభిమన్యుడు, బలరామునికి దుర్యోధనుడు, రేవతికి మణిమాణిక్యాలు కనిపిస్తాయి. కృష్ణునికి కనిపించేది శకుని. ఒకే వస్తువు సాయంతో, తక్కువ వ్యవధిలో నాలుగు పాత్రల స్వభావాలు బయటపడటమే కాక రాబోయే సంఘర్షణ కూడా సూచితమవుతుంది. సంభాషణలలో చెప్పబోతే ఎంతో విస్తరించవలసిన విషయాన్ని ఒక వస్తువు భరించింది. ఇటువంటి కల్పనలు కథాచర్చల గదిలో, ఒకరి ప్రతిపాదనను మరొకరు సరిదిద్దుకొంటూ పుడతాయి. ఆ గదిలో ఉన్నవారికి ఫలితంతోపాటు దాని వెనుకనున్న తర్కం కూడా తెలుస్తుంది. బయటివారికి ఫలితం మాత్రమే తెలుస్తుంది.

ఈ గురుకులం గొప్ప శిష్యులను తయారుచేసింది. అదే సమయంలో ఆ విద్యను మద్రాసు స్టూడియోల ప్రాంగణాలకు పరిమితం చేసింది. సీతారామపురంలోనో ఆత్మకూరులోనో ఉన్న అభ్యాసకుడు ఎన్ని పాటల పుస్తకాలు చదివినా ఆ గదిలోని చర్చ అతనికి వినిపించే అవకాశం లేదు.

5. మాటల్లేని ప్రతి: ‘పుష్పక విమానం’

ఈ నేపథ్యంలో 1987లో సింగీతం శ్రీనివాసరావు రూపొందించిన ‘పుష్పక విమానం’ ప్రత్యేకంగా అధ్యయనం చేయదగినది. కమల్ హాసన్, అమల ప్రధాన పాత్రధారులుగా, ఎల్. వైద్యనాథన్ సంగీతంతో వచ్చిన ఈ చిత్రంలో పాత్రలు మాట్లాడవు. నేపథ్య శబ్దాలుంటాయి, సంగీతముంటుంది, సంభాషణ ఉండదు. తమిళంలో ‘పేసుం పడం’, హిందీలో ‘పుష్పక్’ అన్న పేర్లతో ఈ చిత్రం ఇతర ప్రాంతాల ప్రేక్షకులను కూడా చేరింది. మాటలు లేకుండా ఒక భావాన్ని తెరపై చూపడమెలా అన్న ఆలోచన తనకు కె.వి. రెడ్డి వద్ద పనిచేసిన రోజుల నుంచి ఉన్నదని సింగీతం చెప్పారు. అంటే ఈ ప్రయోగపు వేరు కూడా పై గురుకులంలోనే ఉంది.

సంభాషణలే సినీరచన అన్న కొలత ప్రకారం ఈ చిత్రానికి రచన లేనట్లే. వాస్తవంలో రచన భారమంతా ఇక్కడ చిత్రానువాదంపైనే పడింది. బెంగుళూరులోని ఒక నిరుద్యోగ యువకుడు మత్తులో పడివున్న ధనవంతుణ్ణి బంధించి, అతని స్థానంలో ‘పుష్పక్’ హోటలు గదిలో విలాసంగా గడుపుతాడు. ఆ మెత్తని పడకమీద అతనికి నిద్ర పట్టదు. సినిమాహాలు పక్కనున్న లాడ్జి గది రణగొణధ్వనికి అతను అలవాటుపడ్డాడు. ఆ శబ్దాలను టేపురికార్డరులో పట్టి తెచ్చి, హోటలు గదిలో వినిపించుకొని హాయిగా నిద్రపోతాడు.

ఈ ఘట్టం మూడు రకాల గ్రంథాలలో ఎలా కనిపిస్తుందో ఊహించి చూస్తే మన చర్చలోని ముఖ్యాంశం తేటపడుతుంది. పాటల పుస్తకంలో దీనికి చోటుండదు. కథాసంగ్రహానికి ఇది అక్కరలేని వివరం. వెండితెర నవలలో ఇది ఒక్క వాక్యంలో తేలిపోతుంది: సంపద మధ్య ఉన్నా అతని దేహం పేదరికానికే అలవాటుపడి ఉందని నవలాకారుడు చెప్పి ముందుకు సాగుతాడు. చిత్రానువాదంలో ఆ వాక్యానికి తావులేదు. మంచం, నిశ్శబ్దం, అటూ ఇటూ పొర్లడం, పాత గది, టేపురికార్డరు, తిరిగి హోటలు గది, మీట నొక్కడం, రణగొణధ్వని, నిద్ర అనే క్రమాన్ని రాయాలి. పైగా లాడ్జి గది రొదను ప్రేక్షకునికి చాలా ముందే పరిచయం చేసి ఉండాలి. లేకపోతే ఈ క్రమమంతా అర్థరహితమవుతుంది. ముందుగా నాటిన శబ్దం తర్వాత ఫలించడం ఇక్కడి శిల్పం. నవలలోని వాక్యం అర్థాన్ని చెబుతుంది. చిత్రానువాదంలోని క్రమం ఆ అర్థాన్ని ప్రేక్షకుని చేతనే కనిపెట్టిస్తుంది. హంతకుడు వాడే మంచుకత్తి కరిగిపోవడంలోని హాస్యం, బిచ్చగాడు చనిపోయాక అతని డబ్బు కోసం జనం ఎగబడటంలోని విషాదం కూడా ఇదే సూత్రంపై నిలిచాయి.

6. ఇతర భాషల అనుభవం

ఆంగ్లంలో జాన్ గాస్నర్, డడ్లీ నికొల్స్ సంపాదకత్వంలో 1943లోనే ఇరవై ఉత్తమ చిత్రానువాదాల సంకలనం వెలువడింది. నాటకాన్ని చదివినట్లే చిత్రానువాదాన్నీ సాహిత్యరూపంగా చదవవచ్చన్నది ఆ సంకలనం వెనుకనున్న దృష్టి. మన పొరుగున మలయాళంలో ‘తిరక్కథ’ గ్రంథరూపంలో స్థిరపడింది. ఎం.టి. వాసుదేవన్ నాయర్ చిత్రానువాదాలు పుస్తకాలుగా వెలువడి, నవలలతో సమానంగా పాఠకులను పొందాయి. అక్కడ సన్నివేశ నిర్మాణం, సంభాషణ రెండూ ఒకే రచయిత కలం నుంచి రావడం ఇందుకు దోహదం చేసిందని భావించవచ్చు. తెలుగులో మాట ఒకరిది, చిత్రానువాదం మరొకరిది కావడం వల్ల గ్రంథానికి ఒక కర్త ఏర్పడలేదు.

బెంగాలీ అనుభవం మరొక హెచ్చరిక చేస్తుంది. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ని (1955) సంప్రదాయ రీతిలోని పూర్తి ప్రతి లేకుండా, టిప్పణాలు, బొమ్మల ఆధారంగా తీశారు. ‘అపు’ చిత్రత్రయానికి ఆంగ్లంలో వచ్చిన చిత్రానువాద గ్రంథం పూర్తయిన చిత్రాలను చూసి పునర్నిర్మించినది. చిత్రీకరణకు ముందు రాసిన ప్రతి, చిత్రాన్ని చూసి రాసుకొన్న ప్రతి ఒకటి కావు. మొదటిదానిలో రచయిత ఊహ, వదులుకొన్న సన్నివేశాలు, తడబాట్లు ఉంటాయి. రెండవదానిలో కూర్పరి కత్తెర తర్వాత మిగిలినది మాత్రమే ఉంటుంది. ప్రాచీన కావ్యాల తాళపత్ర ప్రతుల మధ్య పాఠభేదాలను పట్టించుకొనే పరిశోధకునికి ఈ వివేకం కొత్తది కాదు.

7. పఠన విధానం

లభ్యమవుతున్న సామగ్రితో అభ్యాసకుడు చేయగలిగింది కొంత ఉంది. సినిమా రచనపై తెలుగులో శాస్త్రీయ చర్చ లేకపోలేదు. పరుచూరి గోపాలకృష్ణ ‘తెలుగు సినిమా సాహిత్యం: కథ, కథనం, శిల్పం’, చిమ్మని మనోహర్ ‘సినిమాస్క్రిప్ట్ రచనాశిల్పం’ ఈ దిశలో చెప్పుకోదగినవి. సిద్ధాంతంతోపాటు లక్ష్యగ్రంథం కూడా కావాలి. అది దొరకనప్పుడు ఒక చిత్రాన్ని చూసి, సన్నివేశాల వరుసను, పరిశ్రమలో ‘వన్‌లైన్ ఆర్డర్’ అని పిలిచే రూపంలో, రాసుకోవడం ఉత్తమాభ్యాసం. ప్రతి సన్నివేశానికి ఎదురుగా అది తీసివేస్తే కథకు కలిగే నష్టమేమిటో రాయాలి. ఏమీ రాయలేని చోట ఆ సన్నివేశపు బలహీనతో, అభ్యాసకుని చూపులోని లోపమో బయటపడుతుంది.

ఇతర భాషల చిత్రానువాదాలను చదివేటప్పుడు తెలుగు సినిమాకున్న రెండు ప్రత్యేకతలను మరువరాదు. ఒకటి విశ్రాంతి, రెండవది పాట. మన చిత్రం విశ్రాంతి దగ్గర ఒకసారి ముగిసి మళ్ళీ మొదలవుతుంది. ఆ మధ్య మలుపు కోసం కథను ముందునుంచే సిద్ధం చేయాలి. పాట కథను ముందుకు నడుపుతున్నదా, ఆపుతున్నదా అన్నది కూడా చిత్రానువాద ప్రశ్నే. హాలీవుడ్ ప్రతులలో ఈ రెండింటికీ పాఠం దొరకదు. కె.వి. రెడ్డి, పింగళి వంటివారి ప్రతులు మనకు ఎందుకు అవసరమో దీనివల్ల తెలుస్తుంది.

8. ముగింపు

పాటల పుస్తకం పాటను, వెండితెర నవల కథను, సంభాషణల రికార్డు మాటను భద్రపరచాయి. దృశ్యాన్ని కూర్చే విద్య కొద్దిమంది దర్శకుల గదుల్లో, వారి శిష్యుల జ్ఞాపకాల్లో మిగిలింది. ఆ తరం కనుమరుగవుతున్నకొద్దీ ఆ విద్యకున్న మౌఖికాధారాలు కూడా తరిగిపోతున్నాయి. నిర్మాణ సంస్థల వద్ద, రచయితల కుటుంబాల వద్ద మిగిలివున్న రాతప్రతులను సేకరించి, చిత్రీకరణకు ముందటి పాఠాన్నీ తెరమీది పాఠాన్నీ సరిపోల్చి, పరిష్కృత ప్రచురణలుగా తీసుకురావడం తెలుగు శాఖలు చేపట్టదగిన పని. పాఠపరిష్కరణ మన శాఖలకు అనువంశికంగా వచ్చిన విద్య. దానిని చలనచిత్ర ప్రతులకు అన్వయించడానికి కొత్త శాస్త్రం అవసరం లేదు.

ఉదయగిరిలో పుట్టినవారు మద్రాసు చేరి, కె.వి. రెడ్డి గదిలో కూర్చొని నేర్చుకొన్న విద్య ‘పుష్పక విమానం’ దాకా సాగింది. అదే విద్య సీతారామపురంలో ఉన్న విద్యార్థికి గ్రంథాలయంలో దొరికే రోజున, చిత్రానువాదం తెలుగులో నిజంగా అచ్చయినట్లు.